తాళం పగలలేదు, కారు పోయింది: కీలెస్ ఎంట్రీ విషయంలో నా అనుభవం

ఆ రోజు తెల్లవారి వీధి తలుపు తీసేసరికి ఇంటి ముందు నేలంతా రాత్రి వానకు తడిసి ఉంది, కారు నిలిపే చోటు మాత్రం సరిగ్గా కారంత మేర పొడిగా ఉంది. అంటే వాన వెలిసిన తరువాతే కారు అక్కడినుంచి కదిలిందన్నమాట. ఇంత స్పష్టమైన ఆధారం కళ్ల ముందున్నా నాకు మొదట తోచింది దొంగతనం కాదు. రాత్రి బండిని ఇంకెక్కడో నిలిపి మరచిపోయానేమోనని ఒక నిమిషం పాటు నన్ను నేనే అనుమానించుకున్నాను. నేల మీద పగిలిన అద్దం ముక్క ఒక్కటైనా లేదు, బండిని ఈడ్చుకుపోయిన జాడ లేదు, రాత్రి అలారం మోగిన గుర్తు ఇంట్లో ఎవరికీ లేదు. లోపలికి వెళ్లి చూస్తే తాళంచెవి వీధి తలుపు పక్కనున్న కొక్కేనికి ఎప్పటిలాగే వేలాడుతోంది. రెండోది బీరువా సొరుగులో, కారు కొన్నప్పుడు ఇచ్చిన ప్లాస్టిక్ కవరులోనే ఉంది. తాళంచెవులు రెండూ ఇంట్లో ఉన్నాయి, కారు లేదు.

ఎదురింటి కెమెరాలో జరిగినదంతా నమోదైంది. తెల్లవారుజామున మూడు దాటాక ఇద్దరు వచ్చారు. ఒకడు మా వీధి తలుపు దగ్గరకు వచ్చి, చేతిలో ఉన్న పలకలాంటి సంచిని తలుపుకు ఆనించీ ఆనించనట్టుగా పట్టుకుని, గోడ వెంట మెల్లగా పైకీ కిందికీ జరుపుతూ నిలబడ్డాడు. రెండోవాడు డ్రైవరు వైపు తలుపు దగ్గర హ్యాండిల్ మీద చెయ్యి వేసి ఎదురుచూశాడు. సంచి ఒకచోట ఆగిన క్షణంలో కారు ఇండికేటర్లు రెండుసార్లు వెలిగాయి, మడిచి ఉన్న పక్క అద్దాలు విచ్చుకున్నాయి. నేను పొద్దున్నే దగ్గరకు వెళ్లినప్పుడు ఎలా పలకరించేదో వాళ్లనూ అలాగే పలకరించింది. తరువాత ఇంజను స్టార్టయింది, హెడ్‌లైట్లు వెలిగాయి, కారు వెనక్కి వచ్చి రోడ్డెక్కింది. వాళ్లు రావడం మొదలు కారు కనుమరుగయ్యేవరకూ నిండా రెండు నిమిషాలు పట్టలేదు. ఆ దృశ్యాన్ని నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. చూసిన ప్రతిసారీ నా దృష్టి దొంగల మీద కన్నా ఆ విచ్చుకున్న అద్దాల మీదే నిలిచేది.

పోలీసు స్టేషనులో అధికారి అడిగిన మొదటి ప్రశ్న తాళంచెవి ఎవరికైనా ఇచ్చారా అని. డ్రైవరు, మెకానిక్కు, కారు కడిగే మనిషి, బంధువులు, ఇలా వరుసగా ఒక్కొక్కరినీ అడిగి రాసుకున్నారు. నా భార్యకు ఇది నచ్చలేదు. "తాళంచెవులు రెండూ ఇక్కడే ఉన్నాయి కదండీ, వేరేవాళ్ల ప్రసక్తి ఎందుకు?" అని ఆమె అంటే, ఆయన విసుక్కోకుండా, "ఉన్నాయని మీకు తెలుసమ్మా, రేపు బీమావాళ్లు నమ్మాలి కదా" అన్నారు. ఆ మాటలో ఎంత నిజముందో నాకు తరువాత తెలిసింది. రిజిస్ట్రేషన్ నంబరు చెప్పగలిగాను గానీ ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు అడిగితే నా దగ్గర సమాధానం లేదు, ఎందుకంటే కారు కాగితాలన్నీ కారులోనే, ముందు సీటు ఎదుటి అరలో ఉన్నాయి. పాత బీమా పత్రం ఈమెయిల్లో దొరికింది కాబట్టి సరిపోయింది. కాగితాలు కారులో పెట్టుకునేవాళ్లు ఒక ఫొటో అయినా తీసి ఫోనులో ఉంచుకోవడం మంచిది. ఆ రోజు ఆ రెండు నంబర్ల కోసం నేను గంటన్నర వెతికాను.

బీమా కంపెనీ ఆ రోజే ఫిర్యాదు నమోదు చేసుకుంది, వారం తిరగకముందే ఒక పరిశోధకుణ్ని పంపింది. ఆయన కూర్చోగానే తాళంచెవులు రెండూ బల్ల మీద పెట్టమన్నారు. ఒకదాని మీద బటన్ల గుర్తులు అరిగి నున్నగా ఉన్నాయి, రెండోది కొత్తదానిలా మెరుస్తోంది. రెండింటినీ అటూ ఇటూ తిప్పి చూసి, వెనక ఉన్న నంబర్లు రాసుకుని, విడివిడి కవర్లలో వేసి, మూతల మీద నా చేత సంతకం చేయించుకుని తీసుకుపోయారు. చివరిసారి ఎప్పుడు వాడారో, అప్పటికి కారు ఎంత దూరం తిరిగిందో లోపలే దాచుకునే తాళంచెవులు కొన్ని కంపెనీల కార్లకు ఉంటాయి. వాటిని చదివితే యజమాని చెప్పిన మాటకు, తాళంచెవి చెప్పిన మాటకు పొంతన ఉందో లేదో తెలుస్తుంది. రెండింటిలో ఒకటి లేకపోయి ఉంటే నా పరిస్థితి ఏమయ్యేదోనని ఇప్పటికీ అనిపిస్తుంది, ఎందుకంటే ఆ రెండోదాన్ని అంతకు కొన్ని నెలల ముందు ఎక్కడ పెట్టామో తెలియక ఇల్లంతా వెతికి, చివరికి పాత సూట్‌కేసులో పట్టుకున్నాం.

నన్ను నొప్పించింది మాత్రం వాళ్లిచ్చిన ఫారంలోని ఒక ప్రశ్న: బలవంతంగా తెరిచిన ఆనవాళ్లు ఉన్నాయా, లేకపోతే కారణం వివరించండి. కారే లేనప్పుడు దాని మీది ఆనవాళ్లు నేనెలా చూపించాలి? అద్దం పగలగొట్టి తీసుకుపోయి ఉంటే ఆ ముక్కలైనా సాక్ష్యం చెప్పేవి. తాళంచెవిని జేబులోంచి తీయకుండానే తెరుచుకునే ఇలాంటి కీలెస్ కారు పోయినప్పుడు యజమాని మీద పడే భారం ఇదే. తాళం చెక్కుచెదరకుండా పోతుంది కాబట్టి, తాళం వేశానని నిరూపించుకోవాల్సింది పోగొట్టుకున్నవాడే. ఎదురింటి కెమెరా నన్ను గట్టెక్కించింది. అది లేకపోతే నా మాట తప్ప మరేమీ లేదు. దృశ్యంలో ఇండికేటర్లు వెలిగిన క్షణాన్ని, తలుపు దగ్గర సంచి పట్టుకున్న మనిషిని రెండు ఫొటోలుగా తీసి, ఒక పేజీ వివరణ రాసి జతచేశాను. ఆ పేజీ రాయడం కోసమే అసలు ఈ వ్యవస్థ ఎలా పనిచేస్తుందో మొదటిసారి శ్రద్ధగా తెలుసుకున్నాను.

నాకు అర్థమైనంతలో విషయం ఇది. మనం హ్యాండిల్ పట్టుకోగానే కారులోని యాంటెన్నాలు తక్కువ పౌనఃపున్యంలో, చాలా కార్లలో 125 కిలోహెర్ట్జ్ దగ్గర, ఒక పిలుపు పంపుతాయి. ఈ పిలుపు గుసగుస లాంటిది, మీటరో రెండు మీటర్లో దాటితే వినపడదు. జేబులోని తాళంచెవి ఆ గుసగుస వింటే, అందులో వచ్చిన ప్రశ్నకు తన రహస్య సంఖ్యతో లెక్కగట్టి, దేశాన్ని బట్టి 315 లేదా 433 మెగాహెర్ట్జ్ దగ్గర జవాబు పంపుతుంది. జవాబు సరైనదైతే తలుపు తెరుచుకుంటుంది. లోపల బటన్ నొక్కినప్పుడు మళ్లీ ఇదే సంభాషణ జరిగి ఇంజను స్టార్టవుతుంది. ప్రశ్న ప్రతిసారీ మారుతుంది కాబట్టి ఒకసారి విన్న జవాబును దాచుకుని మరుసటి రోజు వాడుకోవడం కుదరదు. ఇంతవరకూ పకడ్బందీగానే ఉంది. లోపమంతా చెప్పకుండా ఒప్పేసుకున్న ఒక ఊహలో ఉంది: జవాబు వచ్చిందంటే తాళంచెవి పక్కనే ఉన్నట్టు. కారు తాళంచెవిని గుర్తుపడుతుంది గానీ దూరాన్ని కొలవదు. గుసగుస దూరం పోదు కదా అన్న ధీమాతోనే దగ్గరితనాన్ని నమ్మేస్తుంది.

మా ఇంటి ముందు ఆ ఇద్దరూ చేసినది ఆ గుసగుసను మోయడమే. కారు దగ్గరివాడి పరికరం కారు పిలుపును అందుకుని వీధి తలుపు దగ్గరివాడి సంచిలోని యాంటెన్నాకు చేరవేసింది, అది తలుపు అవతల కొక్కేనికి వేలాడుతున్న తాళంచెవికి వినిపించింది, తాళంచెవి తన ధర్మంగా నిజమైన జవాబే ఇచ్చింది. ఇక్కడ ఎవరూ సంకేతాన్ని ఛేదించలేదు. అందుకే రహస్య సంఖ్య ఎంత పొడుగుదైనా, లెక్క ఎంత కఠినమైనదైనా ఈ పద్ధతిని అడ్డుకోలేవు. దీన్ని రిలే దాడి అంటారు. కొక్కెం వీధి తలుపు పక్కనే ఉండటం వాళ్ల పనిని ఇంకా సులువు చేసింది. బయటికి వెళ్లేటప్పుడు చేతికి అందుతుందని అక్కడ కొట్టినది నేనే.

ఇది కొత్త సంగతి కాదని తెలిశాక నాకు కోపం వచ్చింది. జేబులోంచి తీయనక్కరలేని తాళంచెవితో మెర్సిడెస్ ఎస్-క్లాస్ 1998 లోనే వచ్చింది. స్విట్జర్లాండులోని ఈటీహెచ్ జూరిక్ పరిశోధకులు ఫ్రాన్సియోన్, దానెవ్, చాప్‌కున్ ఎనిమిది కంపెనీలకు చెందిన పది మోడళ్ల మీద రిలే పద్ధతిని ప్రయత్నించి 2011 లో ఫలితాలు ప్రకటించారు. పదికి పదీ తెరుచుకున్నాయి, స్టార్టయ్యాయి. రెండు యాంటెన్నాల మధ్య యాభై మీటర్ల దూరం ఉన్నా, తాళంచెవి యాంటెన్నాకు ఎనిమిది మీటర్ల అవతల ఉన్నా పని జరిగిందని వాళ్లు చూపించారు. జర్మనీ మోటారు సంఘం ఏడీఏసీ కొన్నేళ్లుగా వందలాది మోడళ్లను ఇలాగే పరీక్షిస్తూ వస్తోంది, వాటిలో అత్యధికం లొంగిపోయాయి. నేను పోగొట్టుకున్న కారు కొన్ననాటికే ఇదంతా అచ్చులో ఉంది. అయినా నాకిచ్చిన రంగుల పుస్తకంలో కీలెస్ ఎంట్రీ "సౌకర్యాలు" అన్న శీర్షిక కింద ఉందే తప్ప, దాన్ని ఆపుకునే మార్గం ఒకటుందని ఎవరూ చెప్పలేదు. ఆ మార్గం యజమాని మాన్యువల్లో ఉంది. మాన్యువల్ కారుతో పాటే పోయింది కాబట్టి, ఆ సంగతి నాకు ఇంటర్నెట్లో కారు పోయిన తరువాత తెలిసింది.

తాళంచెవి దూరమైపోతే దారిలో ఇంజను ఆగిపోదా అని చాలామంది అడిగారు, నేనూ మొదట అదే ఆశ పెట్టుకున్నాను. ఆగదు. వేగంగా పోతున్న బండి తాళంచెవిలో బ్యాటరీ అయిపోయిందనో, మధ్యలో దిగినవాడి జేబులో అది ఉండిపోయిందనో నడిరోడ్డు మీద ఆగిపోతే ప్రాణాలు పోతాయి కాబట్టి, ఒకసారి స్టార్టయిన ఇంజనును నడవనిచ్చి, తాళంచెవి కనిపించడం లేదని తెర మీద హెచ్చరిక చూపడంతో సరిపెడతారు. భద్రత దృష్ట్యా అది సరైన నిర్ణయమే. దొంగకు మాత్రం ఇంజను ఆపకుండా తనకు కావలసిన చోటికి చేరేంత వ్యవధి దొరుకుతుంది. అక్కడ తీరిగ్గా, స్టీరింగు కింద ఉండే ఓబీడీ పోర్టుకు, అంటే మెకానిక్కులు కారు లోపాలు చదవడానికి వాడే ప్లగ్గుకు, పరికరం తగిలించి కొత్త తాళంచెవిని కారుకు పరిచయం చేస్తారని పోలీసు అధికారి చెప్పారు.

ఇంత జరిగాక కీలెస్ కారంటేనే దొంగలకు పిలిచి పెట్టినట్టని నేను తేల్చేస్తానని మా వాళ్లు అనుకున్నారు. కానీ విషయం అంత సూటిగా లేదు. పాతకాలపు ఇనప తాళంచెవి కార్ల సంగతి నాకు బాగా గుర్తుంది. ఒకసారి తాళంచెవి లోపల పెట్టి తలుపు వేసేస్తే, మెకానిక్కు ఒక సన్నని రేకు బద్దను అద్దం పక్కనుంచి దింపి నేను లెక్కపెట్టేలోపు తెరిచాడు. ఆ కార్లలో వైర్లు కలిపి స్టార్ట్ చేయడం కూడా పెద్ద విద్య కాదు. ఆ రోజుల్ని మార్చినది ఇమ్మొబిలైజర్. తాళంచెవి తలలో ఇమిడిన చిన్న చిప్పును గుర్తుపడితే తప్ప ఇంజనుకు అనుమతి ఇవ్వని ఈ ఏర్పాటును యూరపు 1990ల చివరలో కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి చేసింది, ఆ తరువాత కారు దొంగతనాలు బాగా తగ్గాయి. దీనికి తిరగేసిన ఉదాహరణ అమెరికాలో ఉంది. అక్కడ 2011 నుంచి 2021 వరకు అమ్మిన హ్యుందాయ్, కియా కార్లలో తాళంచెవి తిప్పి స్టార్ట్ చేసే రకాలకు చాలావాటికి ఇమ్మొబిలైజర్ లేదు. స్టీరింగు కింది తొడుగు ఊడదీసి, యూఎస్‌బీ కేబుల్ కొసతో తాళపు ముక్కను తిప్పి కుర్రవాళ్లు వాటిని ఎత్తుకుపోయే వీడియోలు 2022 లో ఊరూరా వ్యాపించాయి. అవే కంపెనీల పుష్ బటన్ స్టార్ట్ కార్లకు ఇమ్మొబిలైజర్ ఉంది కాబట్టి ఆ కిటుకు వాటి మీద పనిచేయలేదు. అంటే అక్కడ కీలెస్ కారే బతికిపోయింది.

మాటల్లో మరొక గందరగోళం కూడా ఉంది. రిమోట్ బటన్ నొక్కి తలుపులు తెరవడం, జేబులోంచి తీయకుండానే తెరవడం, లోపల బటన్ నొక్కి స్టార్ట్ చేయడం, ఈ మూడింటినీ కలిపి కీలెస్ అనేస్తాం. రిలే దాడికి లొంగేది తాళంచెవి అడిగిందే తడవుగా జవాబిచ్చే రకం మాత్రమే. బటన్ నొక్కితేనే మాట్లాడే మామూలు రిమోట్, మనం నిద్రపోతున్నప్పుడు ఎవరు పిలిచినా పలకదు. దానికి ఉండే బెడద వేరు. పార్కింగులో ఎవరైనా అదే పౌనఃపున్యంలో రొద సృష్టిస్తే మన లాక్ సంకేతం కారుకు చేరదు, మనం చూడకుండా వెళ్లిపోతాం. అందుకు విరుగుడు తేలిక: బటన్ నొక్కాక ఒకసారి హ్యాండిల్ లాగి చూసుకోవడం. నా పాత కారుతో ఇరవై ఏళ్లు ఆ పని చేసినవాణ్ని, కీలెస్ వచ్చాక మానేశాను, ఎందుకంటే జేబులో తాళంచెవి ఉండగా హ్యాండిల్ లాగితే అది మళ్లీ తెరుచుకుంటుంది!

తాళంచెవితో పనే లేని దారులు కూడా ఉన్నాయని చెప్పకపోతే ఈ వృత్తాంతం అసంపూర్ణమవుతుంది. లండన్‌లో ఉండే ఇయన్ టేబర్ వృత్తిరీత్యా వాహనాల సైబర్ భద్రత తెలిసినవాడు. 2022 లో ఆయన టొయోటా కారు బంపరును, హెడ్‌లైటు తొడుగును ఎవరో పదేపదే కదిల్చారు, మొదట ఆయన దాన్ని ఆకతాయి పని అనుకున్నారు, కొన్నాళ్లకు కారే పోయింది. హెడ్‌లైటు వెనక ఉండే వైర్ల జతలోకి, బ్లూటూత్ స్పీకరు డొక్కులో దాచిన పరికరాన్ని తగిలించి, తాళంచెవి సరిచూసుకున్నాం, తలుపు తీయమన్న సందేశాన్ని దొంగలు నేరుగా కారు లోపలి వ్యవస్థకే పంపుతున్నారని ఆయన, ఆయన మిత్రుడు కెన్ టిండెల్ కలిసి బయటపెట్టారు. కారులోని భాగాలు మాట్లాడుకునే క్యాన్ అన్న ఆ వ్యవస్థ బాష్ కంపెనీ 1986 లో పరిచయం చేసినది. లోపలివాళ్లంతా మనవాళ్లేనన్న నమ్మకం మీద అది నడుస్తుంది. అలాంటి దొంగతనాన్ని తాళంచెవిని ఎంత జాగ్రత్తగా దాచినా ఆపలేం. మా దృశ్యంలో బంపరును ఎవరూ తాకలేదు కాబట్టి, మాది రిలే అనడంలో నాకు అనుమానం లేదు.

రెండో కారు కొనడానికి వెళ్లినప్పుడు నేను ఒక చిన్న పరీక్ష సిద్ధం చేసుకుని వెళ్లాను. చాలామంది సేల్స్ కుర్రవాళ్లు "చాలా సేఫ్ సార్, చిప్పు ఉంటుంది" అన్న మాట దగ్గరే ఆగిపోతారని మొదటి షోరూములోనే తెలిసింది. అందుకని డెమో కారును తాళం వేయించి, తాళంచెవిని డ్రైవరు తలుపు పక్కన ఒక స్టూలు మీద కదలకుండా పెట్టి, పది నిమిషాలు ఆగి, చేతిలో ఏమీ లేకుండా హ్యాండిల్ లాగాను. తెరుచుకుంది. ఆ కుర్రవాడు, "తెరుచుకోవాలి కద సార్, కీ పక్కనే ఉందిగా" అని నవ్వాడు. వేరే చోట మరొక మోడల్‌తో ఇదే చేస్తే తెరుచుకోలేదు. స్టూలు మీది తాళంచెవిని ఒకసారి చేతిలోకి తీసుకుని కదిపి మళ్లీ లాగితే అప్పుడు తెరుచుకుంది. ఆ తాళంచెవిలో కదలికను పసిగట్టే సెన్సర్ ఉంది. కొన్ని నిమిషాలు కదలకుండా పడి ఉంటే నిద్రపోతుంది, నిద్రలో ఉన్నది ఎవరు పిలిచినా పలకదు. కొక్కేనికి వేలాడే తాళంచెవికి ఇంతకన్నా చవకైన రక్షణ మరొకటి ఉంటుందని నేను అనుకోను. నడుస్తున్న మనిషి జేబులో ఉన్నప్పుడు మాత్రం ఇది పనికిరాదు, అప్పుడది మెలకువగానే ఉంటుంది.

అసలైన పరిష్కారం దూరాన్ని నిజంగా కొలవడం. అల్ట్రా వైడ్‌బ్యాండ్ అనే పద్ధతిలో అతి చిన్న రేడియో స్పందనలు పంపి, అవి పోయి రావడానికి పట్టిన కాలాన్ని లెక్కగడతారు. రేడియో తరంగం ఒక నానోసెకనులో సుమారు 30 సెంటీమీటర్లు పోతుంది, యాభై మీటర్లు పోయి రావాలంటే 330 నానోసెకన్లకు పైగానే పడుతుంది. దొంగ పరికరం ఎంత గొప్పదైనా జవాబును కాంతి కన్నా వేగంగా మోసుకురాలేదు కాబట్టి, ఆలస్యాన్ని చూసి కారు నిరాకరించగలుగుతుంది. అయితే కారులో ఆ చిప్పు ఉండటం వేరు, తలుపు తీసే నిర్ణయానికి దాన్ని వాడటం వేరు. నేను అడిగిన చోట్ల ఈ తేడాను వివరించి చెప్పగలిగినవారు ఒక్కరే కనిపించారు, ఆయన సేల్స్ మనిషి కాదు, సర్వీసు విభాగంలో పనిచేసే మెకానిక్కు. చివరికి నేను కొన్నది నిద్రపోయే తాళంచెవి ఉన్న కారు. బండి ఇంటికి వచ్చిన రోజే మాన్యువల్ తెరిచి, సెట్టింగుల్లో దగ్గరకు వెళ్తే దానంతటదే తెరుచుకునే ఏర్పాటును ఆపేశాను. ఇప్పుడు బటన్ నొక్కితేనే తెరుచుకుంటుంది. మా అమ్మాయి రెండు వారాలు గొణిగి అలవాటు పడింది. స్టార్టు బటనుకు మాత్రం తాళంచెవి పిలుపు ఇంకా పనిచేస్తూనే ఉంది, దాన్ని ఆపే వీలు ఈ మోడల్లో లేదు.

అందుకే ఫారడే సంచి కూడా కొన్నాను. లోహపు దారాలు అల్లిన గుడ్డ పొర లోపల ఉండే ఈ సంచిలో తాళంచెవి వేస్తే పిలుపు లోపలికి రాకుండా, జవాబు బయటికి పోకుండా అడ్డుకుంటుంది. రెండింటిలో ఏ ఒక్కటి సరిగ్గా ఆగినా పని జరిగినట్టే. దీన్ని కొని ఊరుకోకూడదు, పరీక్షించాలి. ఆపేసిన ఏర్పాటును కాసేపు మళ్లీ ఆన్ చేసి, తాళంచెవిని సంచిలో వేసి మూత మడిచి, కారు తలుపుకు ఆనుకుని నిలబడి హ్యాండిల్ లాగాలి. మొదటి రోజు నా సంచి గెలిచింది. ఏడు నెలల తరువాత ఎందుకో అనుమానం వచ్చి మళ్లీ చూస్తే కారు ఠక్కున తెరుచుకుంది. సంచిని తిరగేసి దీపం కింద చూస్తే, రోజూ మడతపడే చోట ఆ వెండి రంగు పొర గీతలా చిట్లి, కింది నల్లగుడ్డ కనిపిస్తోంది. మధ్యలో ఎన్ని రాత్రులు అది ఉత్త గుడ్డసంచిగా పనిచేసిందో తెలియదు. మూత బిగుతుగా ఉన్న ఒక రేకు డబ్బా సంచికన్నా నయమనిపించింది. మూత వదులుగా ఉన్న మరో డబ్బా మాత్రం ఓడిపోయింది. మైక్రోవేవ్‌లో దాచుకోమని ఒకరు సలహా ఇచ్చారు. పొరపాటున ఎవరైనా స్విచ్ వేస్తే కొత్త తాళంచెవి కొనుక్కోవాలి కాబట్టి ఆ పని చేయలేదు.

వీటన్నిటికన్నా నాకు ధైర్యమిచ్చినది స్టీరింగుకు అడ్డంగా బిగించే ఇనప కడ్డీ. ముప్పై ఏళ్ల కిందటి వస్తువని నేను చిన్నచూపు చూసేవాణ్ని. కానీ రిలే దొంగకు ఉన్న బలమంతా చప్పుడు కాకపోవడంలో, ఆలస్యం లేకపోవడంలోనే ఉంది. ఆ కడ్డీని కోయాలంటే చప్పుడవుతుంది, ఆలస్యమవుతుంది, పైగా అది బయటినుంచే కనబడుతుంది. దీన్ని ఎవరూ తెంచలేరని కాదు. రెండు నిమిషాల పనిని పది నిమిషాలు చేస్తే చాలామంది పక్క వీధికి పోతారని పోలీసు అధికారి అన్నారు. పక్క వీధివాళ్లకు అది ఊరటనిచ్చే మాట కాదని నేను అంటే ఆయన నవ్వి ఊరుకున్నారు.

క్లెయిము తేలడానికి నెలలు పట్టింది. కారు దొరకలేదని పోలీసులిచ్చిన తుది నివేదిక చేరిన తరువాతే కంపెనీ ఫైలు ముందుకు కదిపింది. తరుగుదల పోగా మిగిలిన విలువ ఇచ్చారు, కారులో ఉన్న వస్తువుల మాట ఎత్తలేదు, తాళంచెవులు తిరిగి ఇవ్వలేదు. నేను చాలా ఆలస్యంగా గుర్తించిన సంగతి ఒకటుంది. పోయిన కారుకు నా ఫోను జత చేసి ఉంది, దారి చూపే తెరలో మా ఇంటి చిరునామా, ఆఫీసు చిరునామా, మా పెద్దన్నయ్య ఇంటి చిరునామా పేర్లతో సహా ఉన్నాయి. కంపెనీ యాప్‌లోంచి ఆ కారును తొలగించి, పాస్‌వర్డు మార్చేటప్పటికి తొమ్మిది రోజులు గడిచాయి. ఆ పని మొదటి రోజే చేసి ఉండాల్సింది.

వీధి తలుపు పక్కనున్న కొక్కేన్ని పీకేశాను. దాని రంధ్రం ఇంకా గోడకు ఉంది. తాళంచెవులు రెండూ ఇప్పుడు లోపలి గదిలో రేకు డబ్బాలో ఉంటున్నాయి, ప్రతి నెలా మొదటి ఆదివారం ఆ డబ్బాను చంకలో పెట్టుకుని వెళ్లి కారు తలుపు లాగి చూస్తాను. పోయిన నెల ఎదురింటాయన కిటికీలోంచి చూసి, డబ్బాతో ఏం చేస్తున్నారని అడిగారు. చెప్పాను. సాయంత్రం ఆయన తన తాళంచెవి తీసుకుని వచ్చి, మా డబ్బా అడిగి పట్టుకుపోయి, తన కారు దగ్గర నిలబడి హ్యాండిల్ లాగారు.

తెరుచుకోలేదు. తరువాత తాళంచెవిని డబ్బాలోంచి తీసి తమ వరండాలోని బల్ల మీద, రోజూ పెట్టే చోట పెట్టి, ఇప్పుడు చూద్దామని మళ్లీ కారు దగ్గరకు వచ్చారు. అక్కడినుంచి బల్ల మీటరున్నర దూరంలో ఉంది. ఏ పరికరమూ లేకుండానే, ఎవరూ ఏదీ మోయకుండానే, తలుపు తెరుచుకుంది.